కరకుదనానికి పదోన్నతి

రాజధాని సచివాలయ వసారాలలో ఒక అధికారిని మెచ్చుకోవడానికి వాడే మాటలు కొన్ని వున్నవి. ‘గట్టి మనిషి’, ‘తొణకడు’, ‘ఫలితాలు చూపిస్తాడు’. ఈ మాటలు విన్నప్పుడల్లా నాకు ఒక ప్రశ్న తోస్తుంది. ఎదుటివాని బాధ ఈ మనిషికి తెలుస్తుందా? ఆ ప్రశ్న ఇక్కడ ఎవరూ వేయరు.

మనస్తత్వ శాస్త్రజ్ఞులు ‘సైకోపతి’ అనే స్వభావానికి, సామాన్యులు పిచ్చి అనుకునే దానికి సంబంధం లేదు. బుద్ధి చురుకుగానే వుంటుంది, మాట తియ్యగానే వుంటుంది. పరుల బాధకు స్పందించే గుణమూ, పశ్చాత్తాపమూ మాత్రం వుండవు. మన పెద్దలు గోముఖ వ్యాఘ్రమన్నది ఇటువంటివారినే. అమెరికన్ వైద్యుడు హెర్వీ క్లెక్లీ 1941లోనే ఈ స్వభావాన్ని వర్ణించాడు. కెనడా శాస్త్రజ్ఞుడు రాబర్ట్ హేర్ దానిని కొలవడానికి 20 అంశాల పట్టిక తయారుచేశాడు. 2010లో పాల్ బేబియాక్, హేర్ ప్రభృతులు 203 మంది కంపెనీ ఉద్యోగులను పరిశీలించగా, నూటికి సుమారు నలుగురిలో ఈ లక్షణాలు తీవ్రస్థాయిలో కనిపించినవి. సామాన్య జనంలో నూటికి ఒకరని అంచనా. ఇంకొక విశేషం కూడా వున్నది. ఈ లక్షణాలు గలవారికి మాటకారితనంలో, వ్యూహరచనలో మంచి మార్కులు పడినవి. బాధ్యతా నిర్వహణలో, నలుగురితో కలిసి పనిచేయడంలో తక్కువ మార్కులు పడినవి. అనేక పరిశోధనలను క్రోడీకరించి 2019లో వెలువడిన మరొక అధ్యయనం కూడా అదే దారిలో సాగింది. వీరు నాయకులు కావడానికి అవకాశం కొద్దిగా ఎక్కువ, నాయకులుగా రాణించే అవకాశం కొద్దిగా తక్కువ అని దాని సారాంశం.

దూరాన కూర్చుని ఫలానావాడు సైకోపతి అని ముద్ర వేయడం శాస్త్రమూ కాదు, మర్యాదా కాదు. నా విచారం వ్యక్తుల గురించి కాదు, వారు ఎక్కే మెట్ల గురించి. ఏ స్వభావం సులువుగా ఎక్కేటట్లు మనం ఆ మెట్లు కట్టుకున్నాము?

దీనికి సమాధానం వెదకవలసిన చోట్లలో బస్తర్‌లోని ఉసూర్ ఒకటి. బీజాపూర్ జిల్లాలోని ఈ ప్రాంతం మనకు పరాయిది కాదు. కర్రెగుట్టలకు అటు ఉసూర్ అయితే ఇటు మన ములుగు. మిరపకోతల కాలంలో అక్కడి కూలీలు మన చేలకు వస్తారు. ఈ ఉసూర్ బ్లాకులోనే, బాసగూడకు చేరువలో, సార్కేగూడ వున్నది. 2012 జూన్ 28 రాత్రి విత్తనాల పండుగ విషయం మాట్లాడుకోవడానికి గుమిగూడిన గ్రామస్థులపై భద్రతా దళాలు కాల్పులు జరిపాయి. 17 మంది చనిపోయారు. మృతులలో మైనర్లు కూడా వున్నారు. మావోయిస్టులతో ఎదురుకాల్పులు జరిగాయని ప్రభుత్వ వర్గాలు ప్రకటించాయి. విచారణ జరిపిన జస్టిస్ వి.కె.అగర్వాల్ కమిషన్ నివేదిక 2019లో బయటపడింది. చనిపోయినవారు మావోయిస్టులనడానికి ఆధారం లేదనీ, గ్రామస్థులు కాల్పులు జరపలేదనీ, దళాలు భయాందోళనలతో కాల్చి వుండవచ్చుననీ కమిషన్ తేల్చింది.

ఇక్కడ రెండు విషయాలు వేరు చేయాలి. చీకటిలో భయపడి తుపాకీ పేల్చిన జవాను సైకోపతి కాడు. భయం మానవ సహజం. కాని తెల్లవారిన తరువాత పదిహేడు శవాలను విజయాల పద్దులో రాసుకోవడానికి భయం అక్కరలేదు, చల్లని గుండె కావాలి. ఆ గుండె ఏ ఒక్క వ్యక్తిదీ కానక్కరలేదు. లెక్క అడిగే యంత్రాంగానికే అది వుంటే చాలు.

ఇది పోలీసు శాఖకే పరిమితం కాదు. అదే ఛత్తీస్‌గఢ్‌లో, బిలాస్‌పూర్ వద్ద, 2014 నవంబరులో ఒక వైద్యుడు కొద్ది గంటల వ్యవధిలో 83 మంది స్త్రీలకు కుటుంబ నియంత్రణ శస్త్రచికిత్సలు చేశాడు. పదిమందికి పైగా మరణించారు. తప్పు మందులదా, శిబిరానిదా అన్న వివాదం అలా వుంచండి. ఎక్కువ శస్త్రచికిత్సలు చేసినందుకు అదే సంవత్సరం జనవరిలో ఆ వైద్యునికి ప్రభుత్వ సత్కారం జరిగింది! ఎమర్జెన్సీలో, 1976-77లో, దేశంలో 80 లక్షలకు పైగా జరిగిన శస్త్రచికిత్సల వెనుక వున్నదీ ఈ లక్ష్యాల లెక్కే. మావోయిస్టులు దీనికి అతీతులనుకోవడం పొరపాటు. ఇన్‌ఫార్మర్ అనే ఒక్క మాటతో ఆదివాసీని చంపగలిగిన కరకుదనానికి అడవిలోనూ గౌరవం దక్కింది.

కల్లోల ప్రాంతంలో మెత్తనివారు పనికివస్తారా అని నన్ను అడిగేవారున్నారు. పనికిరారు. ధైర్యమూ, నిబ్బరమూ కావలసిందే. కాని నిబ్బరం వేరు, నిర్దయ వేరు. నిబ్బరం గలవాడు తన ప్రాణానికి తెగిస్తాడు, నిర్దయుడు ఎదుటివాని ప్రాణానికి తెగిస్తాడు. ఢిల్లీకి చేరే నివేదికలో ఈ తేడా కనబడదు, అంకె మాత్రమే కనబడుతుంది.

విచిత్రమేమంటే, ఐ.ఏ.ఎస్. అధికారుల వార్షిక మదింపు పత్రంలో బలహీన వర్గాల పట్ల వైఖరి గురించి పైఅధికారి రాయవలసిన చోటు ఒకటి ఇప్పటికే వున్నది. మిగతా గుణగణాలతో కలిపి సుమారు నూరు మాటలు! రాసేవాడు పైవాడు, ఆ వైఖరిని అనుభవించినవాడు కిందివాడు. ఉసూర్ అయిదవ షెడ్యూలు ప్రాంతం. 1996 నాటి పెసా చట్టం అక్కడి గ్రామసభకు గుర్తింపునిచ్చింది. అధికారి బదిలీ అయ్యేటప్పుడు ఆ గ్రామసభ మాట కూడా ఫైలులో చేర్చితే తప్పేమున్నది? మరణాలపై న్యాయ విచారణ సాగుతున్నంతకాలం, ఆ ఘటన పేరిట పతకాలూ పదోన్నతులూ నిలిపివుంచితే కొంప మునిగేదేమున్నది?

పులిని చూసి భయపడడం తెలివే. కాని మేత వేసి, మెడలో దండ వేసి, మందకు కాపలా పెట్టిన తరువాత దాని స్వభావాన్ని తిట్టి ప్రయోజనం లేదు. దండ వేసిన చేతులను అడగాలి.