బల్లమీద బంతి, చేతిలో కత్తెర

ఒకప్పుడు కూర్పు అంటే మద్రాసులో చీకటి గదుల్లో జరిగే పని. ఇప్పుడో! హనుమకొండలో పూల్ ఆడే కుర్రాళ్లు చాయ్ తాగుతూ ఫోన్లోనే కానిచ్చేస్తున్నారు.

నాకు తెలిసిన ఓ తమ్ముడున్నాడు (పేరెందుకులెండి). ఆట బాగా ఆడతాడు. బాధల్లా వాళ్ల నాన్నగారితోనే. పూల్ అంటే ఆయన దృష్టిలో పోరంబోకుల ఆట. "అన్నా, మా బాపు ఇక్కడికి రాడు. ఒక్క వీడియో తీసిచ్చినవంటే ఇంట్ల చూపిస్త" అన్నాడు.

మనకు సినిమా పరిజ్ఞానం ఉందాయె, రెచ్చిపోయాను! కళ్ల క్లోజప్, కర్ర క్లోజప్, జేబులో పడే బంతి... ముక్కముక్కలుగా తీసి, చప్పుడు దగ్గర కోసి అతికించాను. పైగా స్లో మోషన్! తీరా చూస్తే అందులో బల్లమీది దీపం టపటపా కొట్టుకుంటోంది. మన కరెంటు 50 హెర్ట్జ్. దీపం సెకనుకు 100 సార్లు మినుకుతుంది. షట్టర్ సెకనులో 50వ వంతుకో, 100వ వంతుకో పెడితే కెమెరాకు తెలీదు. మరీ వేగంగా తీస్తే దొరికిపోతాం.

దీపం సంగతలా ఉంచండి. తమ్ముడి మొహం వాడిపోయింది. "మంచిగుందన్నా. కానీ నేను కొట్టినట్టు లేదు."

నిజమే! కర్ర తగిలే షాటుకీ బంతి పడే షాటుకీ మధ్య కోత పడిందంటే, ఆ సందులో ఎవరైనా దూరొచ్చు. చేత్తో తోసేసినా తెలీదు.

పాల్ న్యూమన్‌కు ఆస్కార్ తెచ్చిన 'ది కలర్ ఆఫ్ మనీ' (1986) చూశారా? టామ్ క్రూజ్ దాదాపు షాట్లన్నీ తానే కొట్టాడు. రెండు బంతుల మీంచి ఎగిరే ఒక్కటి మాత్రం ఛాంపియన్ మైక్ సీగెల్ కొట్టాడు. సినిమాకు చెల్లుతుంది. డూప్ దూకాడని తెలిసీ మనం ఈల వెయ్యమూ? కానీ తండ్రికి చూపించే ఆటలో డూప్ అనుమానం దేనికి?

మళ్లీ తీశాం. తొమ్మిదడుగుల బల్ల, ఆరు జేబులూ కనబడేట్టు ఫోన్‌ను ఎత్తుగా గుంజకు కట్టేశాం. ఫోకసు, ఎక్స్‌పోజరు బిగించేశాం. లేకపోతే తెల్లచొక్కా ఎవరైనా అడ్డొచ్చినప్పుడల్లా ఫోన్ కంగారుపడి పచ్చగుడ్డను నల్లబరుస్తుంది. వాడు సుద్ద రాసుకుంటూ తిరిగేచోటే కోతలు. మధ్యలో మొహం చూపించాలన్నా బల్లకు అదే పక్కనుంచి. అవతలికెళ్తే ఎడమ జేబు కుడి జేబైపోతుంది. కర్ర కదిలింది మొదలు ఆఖరి బంతి ఆగేదాకా కత్తెర ముట్టలేదు.

ఐదో బంతి తప్పింది. తీసేద్దామన్నాను. "ఉండనీ అన్నా" అన్నాడు.

రాత్రి ఫోన్ చేశాడు. బాపు రెండుసార్లు చూశాడట. పడిన బంతుల గురించి ఒక్క మాటా లేదట. ఐదో బంతి దగ్గర ఆపించి, "గిదెందుకు పోయింది?" అనడిగాడట. మనవాడు అరగంట చెప్పాడట.