పడవకు దుప్పటి

మా ఇంట్లో ముసుగు వెయ్యని వస్తువు లేదని మావారు ఏళ్ళ తరబడి దెప్పుతున్నారు. ఫ్రిజ్‌కి కవరు, మిక్సీకి కవరు, కుట్టుమిషనుకి పాత చీర చింపి కుట్టిన కవరు. విశాఖపట్నంలో కాపురం చేసే ఇల్లాలికి కారణం వేరే చెప్పక్కర్లేదు. సముద్రం మీంచి వచ్చే ఉప్పుగాలి ఇనుమును తినేస్తుంది, రోడ్డు మీంచి వచ్చే దుమ్ము మిగిలినవాటి పని పడుతుంది. కనుక కప్పడానికి నేను విరోధిని కానని ముందే మనవి చేసుకుంటున్నాను. అలాంటి నేనే, ప్రయాణంలో ఉన్న పడవకు ముసుగు వెయ్యకూడదని ఇంటిల్లిపాదితో పోట్లాడుతున్నానంటే చోద్యమే మరి!

సంగతేమిటంటే, మా ఆడపడుచు కొడుకు ఇద్దరు స్నేహితులతో కలిసి ఓ చిన్న ఫైబర్ పడవ కొన్నాడు. సరదాకి కొన్నారో, సంపాదనకి కొన్నారో వాళ్ళకే తెలియాలి. దాన్ని చక్రాల బండి మీదికెక్కించి, జీపు వెనకాల తగిలించి, రుషికొండ నుంచి భీమిలి తీసుకువెడుతూ "అత్తయ్యా, మీరూ రండి" అన్నాడు. పడవ మీద కొత్త పెళ్ళికూతురి మేలిముసుగులా నీలం కవరు. చుట్టూ కొక్కేలున్న రబ్బరు తాళ్ళు. ఇదెందుకురా అంటే, ఎండకి రంగు పోతుంది, దుమ్ము పడుతుంది, లోపలి సామాను ఎగిరిపోతుంది అని మూడు కారణాలు చెప్పాడు. వినడానికి మూడూ సబబుగానే ఉన్నాయి.

వెనక కారులో మేము. తొట్లకొండ దాటేదాకా బాగానే ఉంది. ఆ తర్వాత కవరు అంచు ఒకటి లేచింది. మొదట విసనకర్రలా ఆడింది. తర్వాత గాలి లోపలికి పోయి పూరీలా పొంగింది. మావారు హారను కొడుతూనే ఉన్నారు గానీ, ఆ సముద్రపు హోరులో, జీపులో వాడు పెట్టుకున్న పాటల్లో వినిపిస్తేనా! ఓ కొక్కెం ఊడింది. ఇంకోటి ఊడింది. అప్పుడే మమ్మల్ని దాటి ముందుకు వెళ్ళిన ఓ స్కూటీ మీద ఆ కవరంతా వచ్చి పడింది.

బండి నడుపుతున్నది పాతికేళ్ళ అమ్మాయి. వెనక సీట్లో స్కూలు సంచీతో ఆరేళ్ళ కొడుకు. కళ్ళకు అడ్డంగా గుడ్డ పడితే ఎవరైనా ఏం చేస్తారు? బ్రేకు వేసింది, బండి పక్కకి ఒరిగింది, తల్లీ కొడుకులు రోడ్డు పక్క ఇసుకలో పడ్డారు. మోచేతులు దోక్కుపోయాయి, అంతే. ఈ "అంతే" అన్నమాట రాయడానికి నా చెయ్యి ఇప్పటికీ వణుకుతోంది. వెనకాల వస్తున్నది మా కారు కాక ఏ కంకర లారీయో అయి ఉంటే?

ఇంటికొచ్చాక పంచాయితీ మొదలైంది. తప్పు కొక్కేలది గాని కవరుది కాదని మేనమామా మేనల్లుడూ ఏకమయ్యారు. పైగా "అన్నిటికీ ముసుగులు వేసేదానివి నువ్వే కదా" అని మావారు నా మీదికే తిప్పారు. నా ఫ్రిజ్ గంటకి అరవై కిలోమీటర్ల వేగంతో పరిగెత్తదు మహాశయా అన్నాను. వేగం రెండింతలైతే గాలి తోపు నాలుగింతలవుతుందట. ఆర్ట్స్ చదివినదాన్ని, నాకు ఈ లెక్క ఎలా తెలుసంటారా? వాదనలో నోరు జారి ఆయనే చెప్పారు! 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను మా ఊరిని ఊడ్చేసిన రోజున రేకులే కాగితాల్లా ఎగిరాయి. ఆ గాలిని చూసినవాళ్ళు కూడా రబ్బరు తాళ్ళని ఎలా నమ్ముతారో నాకర్థం కాదు.

పోనీ పడవకైనా మేలు జరిగిందా? కవరు కొట్టుకున్నచోటల్లా పడవ మెరుపు పోయి, గరుకు కాగితంతో రుద్దినట్టుంది. కవరుకీ పడవకీ మధ్య చేరిన ఇసుక చేసిన పని అది. లోపల తడి ఉన్నప్పుడు మూసేస్తే బూజు అదనం. ఇక నీళ్ళలో తాడు కట్టి లాగేటప్పుడు ముసుగు వెయ్యడం మరీ అన్యాయం. లోపల నీరు చేరుతోందో లేదో ఎవరికి కనబడుతుంది? మన బీచిలో ఉన్న 91 మీటర్ల 'కురుసుర' జలాంతర్గామిని సముద్రంలోంచి ఒడ్డుకు లాక్కొచ్చి 2002లో జనానికి తెరిచారు. దానికి దుప్పటి కప్పమని ఎవరూ అడిగినట్టు లేదు!

మా ఇంటికి చేపలు తెచ్చే ఆవిడతో ఈ గొడవ చెప్తే పకపకా నవ్వింది. "నిలుసున్న పడవకి కప్పుతారు గానమ్మా, నడిసే పడవకి దుప్పటేటి?" అంది. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా, వేట నిషేధమున్న ఆ 61 రోజులూ పడవలు కదలవు. అప్పుడు కప్పండి, ఎవరొద్దన్నారు?

ప్రయాణానికని ప్రత్యేకంగా, పడవ కొలతకి కుట్టే కవర్లు ఉంటాయని మా వాడు తర్వాత కనిపెట్టుకొచ్చాడు. అడుగు నుంచి పట్టీలు వేసి బిగిస్తారట, ఎక్కడా వదులుండదట. నిజమే, కొలత ఇచ్చి కుట్టించుకున్న జాకెట్టుకీ, ఎవరికైనా పట్టే నైటీకీ తేడా ఉండదూ? దానికి నా అభ్యంతరం లేదు. ఆ కవరు ఖరీదు విని మా వాడే వెనక్కి తగ్గాడు.

పరిగెత్తే బండి మీద వదులు గుడ్డ ఎంత ప్రమాదమో మన ఆడవాళ్ళకి ఒకరు చెప్పాలా? చీరకొంగులూ చున్నీలూ చక్రంలో పడి ఎన్ని ప్రాణాలు పోలేదు! అందుకే కదా 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నియమాల్లో, మోటారు సైకిలు వెనక చక్రానికి బట్టలు చుట్టుకోకుండా సగానికి తక్కువ కాకుండా అడ్డు ఉండాలని 123వ నియమం రాశారు. చీర కట్టుకున్న మనిషికి అంత జాగ్రత్త చెప్పినవాళ్ళం, చీర చుట్టిన పడవని రోడ్డు మీదికి వదిలేస్తామా?

"అయితే బొగ్గు లారీలకి కూడా టార్పాలిన్ తీసెయ్యమంటావా?" అని మావారి ఆఖరి అస్త్రం. అక్కడే నాకు ఒళ్ళు మండుతుంది. బొగ్గు మీద టార్పాలిన్ బొగ్గు కోసం కాదు, ఆ లారీ వెనక వెళ్ళేవాళ్ళ ఊపిరితిత్తుల కోసం, మన మేడ మీద ఆరేసిన బట్టల కోసం. దాన్ని నాలుగు మూలలా బిగించి కట్టమనే నేను అంటాను. మా ఊళ్ళో ఖాళీ పడవకి నిండా ముసుగేమో, నిండు లారీకి పీలికలేమో! నా పడవ రంగు పోకూడదని కప్పినదేమో వెనక వచ్చే పిల్ల కళ్ళకు అడ్డం పడింది. వెనకవాళ్ళ కోసం కప్పవలసినదాన్ని మాత్రం పట్టించుకునే నాథుడు లేడు.

ఆ అమ్మాయి ఇంటికి వెళ్ళి చూసి వచ్చాం. స్కూటీ బాగుచేయించే ఖర్చు మా వాడిచేతే పెట్టించాను. కవరు మాత్రం వాడికి తిరిగి ఇవ్వలేదు. మేడ మీద వడియాలు పెట్టినప్పుడు, మబ్బు పడితే కప్పడానికి ఉంచుకున్నాను. నాలుగు మూలలా ఇటుకలు పెట్టాలి లెండి.