మీరు చెప్పే శాతం ఏ లెక్క ప్రకారం?

అమెరికాలో నలుగురు తెలుగువాళ్ళు కలిస్తే ముందు వీసాలు, తరవాత ఇళ్ళ ధరలు, బిర్యానీ అయ్యాక స్టాకులు. ఆ మూడో అంకంలో వినిపించే శాతాలు చాలావరకు అబద్ధాలని నా అభియోగం. చెప్పేవాళ్ళు అబద్ధాలకోరులని కాదండోయ్. భాగహారంలో కింద ఏ అంకె వెయ్యాలో ఎప్పుడూ ఆలోచించలేదు, అంతే.

ఒక్కసారి డబ్బు పెట్టి ఏడాదిపాటు ముట్టుకోకపోతే ఆ లెక్క బడిపిల్లాడు కూడా చేస్తాడు. కానీ అలా ఎవరుంటారు చెప్పండి? రెండు వారాలకోసారి జీతంలోంచి కొంత వెళ్తుంది, బోనస్ వస్తే ఇంకొంత. మధ్యలో ఇండియా టిక్కెట్లకి, చెల్లెలి పెళ్ళికి తీస్తాం.

జనవరి 1న ఖాతాలో 10,000 డాలర్లు ఉన్నాయనుకోండి. ప్రతి నెలా 15న 1,000 వేశారు. డిసెంబరు 31న 23,000 ఉంది. "పదివేలు ఇరవైమూడు వేలయ్యాయి" అంటాడొకాయన మీసం మెలేస్తూ. కాస్త నిజాయితీ ఉన్నాయన "వేసింది 22,000, లాభం 1,000, నాలుగున్నర శాతం" అంటాడు. ఇద్దరిదీ తప్పే. డిసెంబరులో వేసిన వెయ్యి ఆ ఖాతాలో ఉన్నది రెండు వారాలు. నెలనెలా వేసిన 12,000 సగటున ఆర్నెల్లే పనిచేసింది, అంటే ఏడాదంతా ఉన్న 6,000తో సమానం. కాబట్టి కింద వెయ్యాల్సింది 16,000. వచ్చింది 6.25 శాతం. దీన్ని మాడిఫైడ్ డైట్జ్ పద్ధతి అంటారు. పింఛను నిధుల పనితీరు కొలవడం మీద పీటర్ డైట్జ్ 1966లో రాసిన పుస్తకం దీనికి మూలం. కంప్యూటరు అక్కర్లేదు, చిత్తుకాగితం చాలు.

"ఇంత చిన్న తప్పు ఎవరు చేస్తారు?" అంటారా? ఇల్లినాయ్ రాష్ట్రంలో బియర్డ్స్‌టౌన్ అనే చిన్న ఊళ్ళో కొందరు ఆడవాళ్ళు కలిసి పెట్టుబడుల క్లబ్బు నడిపారు. 1984 నుంచి 1993 వరకు ఏటా సగటున 23.4 శాతం సంపాదించామన్నారు. 1994లో వచ్చిన వాళ్ళ పుస్తకం వేడి పకోడీల్లా అమ్ముడుపోయింది. 1998లో ఒక షికాగో పత్రిక ఆ లెక్కని ప్రశ్నించింది. సభ్యులు కట్టిన నెలచందాలు కూడా రాబడిలో కలిసిపోయాయి మరి! ప్రైస్ వాటర్‌హౌస్ ఆడిటర్లు మళ్ళీ లెక్కేస్తే తేలింది 9.1 శాతం. అదే కాలంలో ఎస్ అండ్ పీ 500 సూచీ ఇచ్చింది 14.9. ఏమీ చెయ్యకుండా సూచీలో పడేసి కూర్చున్నవాళ్ళు గెలిచారన్నమాట.

డబ్బు తీసినప్పుడు చెప్పే కబుర్లు ఇంకో రకం. పదివేలు పెట్టాడు, పదిహేను వేలయ్యింది, పదివేలు వెనక్కి తీసేశాడు. "ఇప్పుడున్నదంతా లాభమే, నా పెట్టుబడి సున్నా, రాబడి అనంతం!" అయ్యా, ఆ మిగిలిన అయిదువేలు మీది కాదా? రేపు అది రెండువేలైతే పోయిన మూడువేలు ఎవరివి, పక్కింటివాళ్ళవా?

ఇక ఫండ్ అమ్మేవాళ్ళ సంగతి. ఒక ఫండ్ మొదటి ఏడు 50 శాతం పెరిగింది, రెండో ఏడు 20 శాతం పడింది. 1.5ని 0.8తో గుణిస్తే 1.2. ఏడాదికి సుమారు 9.5 శాతం. ప్రకటనలో ఆ అంకె వేస్తారు, అది నిజమే. ఇప్పుడు మీరు మొదట 10,000 పెట్టారు, 15,000 అయ్యింది. మురిసిపోయి ఇంకో 85,000 తెచ్చి పోశారు. లక్ష అయ్యింది. రెండో ఏడు చివర మిగిలింది 80,000. మొత్తం వేసింది 95,000. పదిహేను వేలు హుష్ కాకి! మీ వరకు ఇది ఏడాదికి సుమారు మైనస్ 14.5 శాతం. రెండు అంకెలూ నిజమే. మొదటిది కాలాన్ని బట్టి వేసిన లెక్క, మేనేజరు పనితనం చెప్తుంది, ఎందుకంటే మీరెప్పుడు డబ్బు తెస్తారో ఆయన చేతిలో లేదు. రెండోది డబ్బుని బట్టి వేసిన లెక్క, మీ జేబు సంగతి చెప్తుంది. దీనికి ఎక్సెల్‌లో ఎక్స్ఐఆర్ఆర్ ఉంది. ఒక వరుసలో తేదీలు, ఒక వరుసలో మొత్తాలు: వేసింది మైనస్, తీసింది ప్లస్, చివర్లో ఇవాళ్టి విలువ ప్లస్.

ఆ ఎక్స్ఐఆర్ఆర్‌తో కూడా టోపీ పెట్టొచ్చు లెండి. పది రోజుల్లో 3 శాతం వస్తే అది దాన్ని ఏడాదికి సాగదీసి 190 శాతం పైన చూపిస్తుంది. ఏడాది నిండని ఖాతాకి వార్షిక శాతం చెప్పేవాడి మాట అసలు వినొద్దు.

ఇదంతా ఎందుకంటే, మా ఊళ్ళో ఒక పెద్దమనిషి (పేరెందుకు) తనకి ఏటా నలభై శాతం వస్తోందని, మనందరి డబ్బు కలిపి తనే నడుపుతానని అంటున్నారు. కొందరు పిల్లల కాలేజీకని దాచింది ఇవ్వడానికి సిద్ధమయ్యారు. "తేదీలు, వేసినవి, తీసినవి చూపించండి" అని నేనడిగితే, నాకు అసూయ అట! స్నేహితుల మధ్య ఇలాంటివి అడగడం మర్యాద కాదట!

మా అమ్మ చీటీలు కట్టేది. మొదటి నెలలోనే పాట పాడి తీసుకున్నవాళ్ళు ఎంత వదులుకున్నారో, చివరిదాకా ఆగినవాళ్ళకి ఎంత మిగిలిందో నెలవారీగా రూళ్ళ పుస్తకంలో రాసి ఉండేది. ముందు చేతికొచ్చిన రూపాయీ, ఆలస్యంగా వచ్చిన రూపాయీ ఒకటి కాదని ఆ వీధిలో ప్రతి ఇల్లాలికీ తెలుసు. సభ్యులెవరు పుస్తకం అడిగినా చూపించేవారు, ఎవరూ అలిగేవారు కాదు. మనం ఎమ్మెస్సులు చేసి ఇక్కడికొచ్చి "ఎంత పెట్టారు, ఎంతయ్యింది" దగ్గరే ఆగిపోయాం.

ఆ పెద్దమనిషికి ఖాళీ ఎక్సెల్ ఫైలు కూడా నేనే తయారుచేసి పంపాను, రెండే వరుసలు. మూడు వారాలైంది. ఈలోగా ఇద్దరు చెక్కులు రాసేశారని విన్నాను. మిగతావాళ్ళు కనీసం ఆ ఫైలు నిండేవరకైనా ఆగండి.