ఇంటి లెక్క: డబ్బు దానంతటదే పోతోందా? ఒక కన్నేసి ఉంచండి!



పొయ్యి మీద పాలు పెట్టి పక్క గదిలోకి వెళ్తే ఏమవుతుందో మనకెవరూ చెప్పనక్కర్లేదు. ఈ ‘ఆటోపే’ కూడా అలాంటిదేనండీ. ఒకసారి పెట్టేస్తే కరెంటు బిల్లు, ఫోను రీఛార్జి, బీమా ప్రీమియం అన్నీ వాటంతటవే కట్టుకుపోతాయని నిశ్చింతగా ఉంటాం. మధ్యలో ఏదో చిన్న మార్పు వచ్చి ఆగిపోయిందనుకోండి, మనకు తెలిసేసరికి పాలు పొంగి పొయ్యి ఆరిపోయి ఉంటుంది!

మొన్న మా గౌలిపురాలో పక్కింటి చెల్లెలు కళ్ళనీళ్ళతో వచ్చింది. ఆమె భర్తకు దుబాయ్‌లో ఉద్యోగం. ఇంటిల్లిపాదికీ తీసుకున్న ఆరోగ్య బీమాకు ఏడాదికోసారి ఆయన కార్డు మీంచి డబ్బు పోయేది. “అక్కా, ఈసారి పైసలు పోలే, మెసేజ్ గూడ రాలే. తారీఖు దాటి ఇరవై ఆరు రోజులైంది. అత్తమ్మకు షుగరు, బీపీ. ఇప్పుడెట్ల?” అంది.

ఆరా తీస్తే అసలు సంగతి తేలింది. పాత కార్డు గడువు తీరి కొత్త కార్డు వచ్చింది. ఆటోపే మాత్రం పాత కార్డు మీదే ఉండిపోయింది. హెచ్చరిక మెసేజ్‌లు ఆయన వాడటం మానేసిన పాత నంబరుకు వెళ్ళాయి. ఏడాదికోసారి కట్టే ఆరోగ్య పాలసీకి 30 రోజులు, నెలనెలా కట్టేదానికి 15 రోజులు అదనపు గడువు ఉంటుంది కాబట్టి, ఇంకా నాలుగు రోజులుండగా కట్టేసి ఊపిరి పీల్చుకున్నాం. అయితే ఒక మాట! ఏడాది పాలసీకి ఆ అదనపు రోజుల్లో ఆసుపత్రి పాలైతే బీమా డబ్బు రాదు. ఆ గడువు కూడా దాటితే పాలసీ రద్దయిపోతుంది. కొత్తది తీసుకున్నా పాత జబ్బులకు మళ్ళీ మూడేళ్ళ దాకా ఆగాల్సి రావచ్చు. పెద్దవాళ్ళున్న ఇంట్లో అది చిన్న విషయమా?

ఒక్కోసారి మన పొరపాటేమీ లేకుండానే మార్పు వచ్చిపడుతుంది. 2021 అక్టోబరు 1 నుంచి రిజర్వు బ్యాంకు కొత్త నియమాలు గట్టిగా అమలు కావడంతో, అంతకుముందు కార్డుల మీద పెట్టుకున్న ఆటోపేలు చాలామందికి ఆగిపోయాయి. 2024 జూలై 1న మన నగరంలోనూ ఇలాగే జరిగింది. రిజర్వు బ్యాంకు ఆదేశాల కారణంగా ఫోన్‌పే, గూగుల్‌పే, పేటీఎంల వంటి వాటిలో తమ బిల్లులు తీసుకోవడం ఆగిందని, తమ వెబ్‌సైటులోనో సొంత యాప్‌లోనో కట్టమని కరెంటు సంస్థ టీజీఎస్‌పీడీసీఎల్ ప్రకటించింది. బోనాల సందడి మొదలయ్యే రోజుల్లో ఈ కొత్త తలనొప్పి! తర్వాత ఆ దారులు మళ్ళీ తెరుచుకున్నాయనుకోండి.

అయితే ఆ కొత్త నియమాల్లో మనకు మేలూ ఉంది. కార్డు మీదో యూపీఐ మీదో పెట్టిన ఆటోపేకి డబ్బు తీసేముందు కనీసం 24 గంటల ముందుగా కబురు పెట్టాలి. వద్దనుకుంటే ఆపేసుకునే వీలివ్వాలి. నెలనెలా మారే బిల్లయితే ‘ఇంతకు మించి తీయకూడదు’ అని మనమే హద్దు పెట్టుకోవచ్చు.

మరి మనం చేయవలసిందేమిటి?

* ఏ బిల్లు, ఏ కార్డు లేదా ఏ ఖాతా నుంచి, ఏ తారీఖున పోతుందో ఒక కాగితం మీద రాసి బీరువా తలుపు లోపలి వైపు అంటించండి. కార్డు గడువు తీరే నెల కూడా రాయండి.

* కార్డు మారినా, ఫోను నంబరు మారినా ఆ కాగితం ముందు పెట్టుకుని వరసగా అన్నిచోట్లా మార్పించండి. మెసేజ్‌లు ఇంట్లో ఉండేవాళ్ళ ఫోనుకు కూడా వచ్చే ఏర్పాటు ఉందేమో అడగండి.

* తారీఖుకు రెండు రోజుల ముందే ఖాతాలో డబ్బు ఉంచండి. డబ్బు చాలక వాయిదా వెనక్కి పోతే బ్యాంకు జరిమానా వేస్తుంది.

* కరెంటు బిల్లు మీది యూనిక్ సర్వీసు నంబరు రాసి పెట్టుకోండి. ఒక దారి మూసుకుపోతే ఇంకో దారిలో కట్టడానికి పనికొస్తుంది.

* “బిల్లు కట్టలేదు, ఈ రాత్రికే కరెంటు తీసేస్తాం, ఈ లింకు నొక్కండి” అని మెసేజ్ వస్తే కంగారు పడకండి. అది దొంగల ఎత్తు! పొరపాటున డబ్బు పోతే వెంటనే 1930కి ఫోను చేయండి.

* లెక్కకు మించి డబ్బు పోతే ముందు బ్యాంకులో రాతపూర్వకంగా ఫిర్యాదు ఇచ్చి రసీదు తీసుకోండి. 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు చెప్పుకోవచ్చు. వివరాలకు 14448.

మా పక్కింటి చెల్లెలు ఇప్పుడు నెలకోసారి పాస్‌బుక్కు వేయించుకొస్తోంది. “ఆయన దూరాన ఉన్నా లెక్క నా దగ్గరే ఉంది అక్కా” అంటుంటే ఆ మొహంలో వెలుగు చూడాలి! పోపు డబ్బాలో చిల్లర దాచి ఇల్లు నడిపిన మన అమ్మమ్మలకు ప్రతి పైసా ఎటు పోయిందో తెలుసు. మన పైసలు కంటికి కనపడకుండా పోతున్నాయి కాబట్టి మనకు ఇంకా ఎక్కువ తెలియాలి. ఈ రాత్రి వంటిల్లు సర్దుకున్నాక ఒక పావుగంట ఆ కాగితం రాయండి. ఏమంటారు?