సూర్యుడు లేని సీమలో సెలవులు

చలి ముదరగానే వెచ్చని తావులను వెదుక్కొంటూ పోవడం ప్రాణికోటికి సహజం. కొల్లేరుకూ, పులికాట్ సరస్సుకూ ఏటా ఉత్తరదేశాల పక్షులు వేలమైళ్లు ఎగిరివచ్చేది ఇందుకే. మానవుడొక్కడే ఈ ధర్మాన్ని తలక్రిందులు చేశాడు. పుష్యమాసపు తెల్లవారుజామున లంబసింగి ఘాట్ రోడ్డు మీద బారులుతీరే వాహనాలే ఇందుకు నిదర్శనం. గడ్డిపరకల మీద పేరిన మంచును వ్రేలితో తాకి చూడాలన్న ఆ ముచ్చటే మరికొంత పెరిగితే, మనిషిని ఐరోపా ఖండపు ఉత్తరపుటంచుకు తీసుకొనిపోతుంది. నార్వేలోని ట్రామ్సో, స్వీడన్‌లోని కిరునా, ఫిన్లాండ్‌లోని రోవనియెమి పట్టణాలకు నడిశీతకాలంలో వెళ్లే యాత్రికులలో భారతీయులూ ఉన్నారు. ఎండ కాయని చోటికి, నెత్తురు గడ్డకట్టే చలిలోకి సొమ్ము వెచ్చించి పోవడమేమిటని ఇంటనున్న పెద్దలు ఆశ్చర్యపడవచ్చు. ఆ ప్రశ్న అడగదగినదే. అయితే అందుకు తగిన సమాధానమూ ఉన్నది.

భూమి తన అక్షం మీద ఇంచుమించు 23½ డిగ్రీలు ఒరిగి ఉన్నది. ఆ కారణంగా ఆర్కిటిక్ వలయానికి ఉత్తరాన శీతకాలంలో కొన్ని దినాలపాటు సూర్యుడు ఉదయించడు. పైకి పోయినకొద్దీ ఆ దినాలు వారాలవుతాయి, వారాలు నెలలవుతాయి. దాదాపు 70 డిగ్రీల అక్షాంశం మీద ఉన్న ట్రామ్సోలో నవంబరు చివరి వారం నుండి జనవరి నడుమ వరకు సూర్యబింబం క్షితిజరేఖను దాటి పైకి రాదు. ఫిన్లాండ్ ప్రజలు ఈ కాలాన్ని 'కామోస్' అంటారు. ప్రాచీన భారతీయ ఖగోళవేత్తలు ఆ సీమలను కంటితో చూడకపోయినా గణితంతో ఈ సంగతిని గ్రహించారు. మేరువు మీది దేవతలకు ఆరు నెలలు పగలు, ఆరు నెలలు రాత్రి అన్న భావన సూర్యసిద్ధాంతంలో కనిపిస్తుంది. ఇటువంటి ప్రస్తావనలనే ఆధారం చేసుకొని బాలగంగాధర తిలక్ 1903లో వేదకాలపు ఆర్యుల ఆదినివాసం ఆర్కిటిక్ సీమేనని ఒక గ్రంథమే వ్రాశారు. పండితులలో అధికసంఖ్యాకులు ఆ వాదాన్ని అంగీకరించలేదు.

సూర్యుడు లేడన్నంత మాత్రాన అక్కడ కాటుక చీకటి అలముకొని ఉంటుందని భావించరాదు. ట్రామ్సోలో మధ్యాహ్నవేళ రెండు మూడు గంటలపాటు సంధ్యాకాంతి నిలుస్తుంది. దక్షిణాన కొండల వెనుక నారింజవన్నె, దానిపైన గులాబి, ఆ పైన గాఢమైన నీలం. ఈ వెలుగంతా మంచు మీద పడి మళ్లీ పైకి లేస్తుంది. ఉదయమూ సాయంకాలమూ ఒకదానినొకటి తాకి, వాటి నడుమ ఉండవలసిన పగలు మాయమైనట్లు తోస్తుంది. వేసవి ఎండల్లో కన్నులు చికిలించుకొని బ్రతికే తెలుగునేల మనిషికి ఇటువంటి వెలుగు ఊహకైనా అందదు. ఆ సీమకు పోవడానికి ఇదొక్కటే చాలినంత కారణం.

కాని యాత్రికులలో చాలామంది దీనికోసం పోవడం లేదు. వారు ధ్రువకాంతుల కోసం పోతున్నారు. సూర్యుని నుండి వెలువడే విద్యుదావేశకణాలు భూమి అయస్కాంతక్షేత్రపు ప్రభావంతో ధ్రువప్రాంతాలకు మళ్లి, వందకు పైగా కిలోమీటర్ల ఎత్తున ఆక్సిజన్, నైట్రోజన్‌లను తాకినప్పుడు ఈ కాంతులు పుడతాయి. ఆకుపచ్చ వెలుగు ఆక్సిజన్‌ది. నార్వే శాస్త్రజ్ఞుడు క్రిస్టియన్ బిర్కెలాండ్ గత శతాబ్ది ఆరంభంలో ఒక గాజుపేటికలో అయస్కాంతపు గోళాన్ని ఉంచి, దాని ధ్రువాల చుట్టూ ఇటువంటి వెలుగునే పుట్టించి చూపాడు. వ్యాపారప్రకటనలు ఈ కథలో సగమే చెబుతాయి. ఆకాశం మేఘావృతమైతే కాంతులు కనిపించవు. ట్రామ్సో సముద్రతీరపు పట్టణం కనుక అక్కడ మేఘాలకు కొదవ లేదు. పైగా కెమెరా కన్ను పట్టినంత రంగును మనిషి కన్ను పట్టలేదు. ప్రకటనలో పచ్చల హారమై మెరిసినది అనేక రాత్రులలో బూడిదవన్నె పొగతెరలా మాత్రమే కనిపిస్తుంది. నాలుగు రోజుల కోసం వెళ్లి, మేఘాలను తిట్టుకొంటూ తిరిగివచ్చేవారు ఎందరో! దోషం ఆకాశానిది కాదు. నాటకానికి టికెట్టు కొన్నట్లు ప్రకృతిని కొనవచ్చునన్న భ్రమది.

ఉత్తరసీమ ఇచ్చే అసలైన సంపద వేరు. కొత్తగా కురిసిన మంచు శబ్దాన్ని పీల్చుకొంటుంది. ఫిన్లాండ్ లోపలి అడవులలో గాలి నిలిచిన రోజున వినబడేది మనిషి ఊపిరి, కాలిక్రింది మంచు కిరకిర, అంతే. చలి విషయానికి వస్తే, 1999 జనవరిలో కిటిలా ప్రాంతంలోని పొక్కా గ్రామంలో ఉష్ణోగ్రత సున్నాకు దిగువన 51.5 డిగ్రీలకు పడిపోయింది. ఇది అరుదైన సంగతి. ఉత్తర అట్లాంటిక్ ప్రవాహపు వెచ్చదనం వలన ట్రామ్సో రేవు శీతకాలంలోనూ గడ్డకట్టదు. పొరలు పొరలుగా ఉన్నిదుస్తులు ధరించిన మనిషికి లోతట్టు పొడిచలి సైతం దుస్సహం కాదు. చలిలో తిరిగి వచ్చి, కట్టెల పొయ్యి మీది కాగిన రాళ్లపై నీళ్లు చిలకరించి ఆవిరిస్నానం చేసే సౌనా గదిలో కూర్చున్నప్పుడు వెచ్చదనమంటే ఏమిటో శరీరం మొదటిసారి నేర్చుకొంటుంది. ఏడాది పొడుగునా వెచ్చదనాన్ని శాపంగా భరించేవారికి ఈ పాఠం అవసరం.

ఇక్కడ ఒక చేదునిజాన్ని కూడా చెప్పుకోవాలి. 'మంచుస్వర్గం'గా విక్రయింపబడుతున్న ఈ నేల నిర్జనం కాదు. నార్వే, స్వీడన్, ఫిన్లాండ్ దేశాల ఉత్తరభాగాలలోనూ, రష్యాలోని కోలా ద్వీపకల్పంలోనూ సామీ ప్రజలు తరతరాలుగా నివసిస్తున్నారు. రెయిన్‌డీర్ల పెంపకం వారిలో అనేకుల జీవనాధారం. వారి భాషను పాఠశాలల్లో అణచివేసిన చరిత్ర ఆయా ప్రభుత్వాలకు ఉన్నది. నార్వే రాజు ఐదవ హరాల్డ్ 1997లో సామీ పార్లమెంటు ఎదుట ఇందుకు క్షమాపణ చెప్పాడు. అటువంటి ప్రజల వేషాన్ని ఇతరులు తగిలించుకొని, ఏదో తంతు జరిపించి, యాత్రికునికి ధ్రువపత్రం చేతికిచ్చే వినోదాలు పర్యాటకరంగంలో చాలాకాలం సాగాయి. ఫిన్లాండ్‌లోని సామీ పార్లమెంటు 2018లో పర్యాటకానికి నైతిక నియమావళిని రూపొందించవలసి వచ్చింది. కుక్కలు లాగే బండ్లు సామీల సంప్రదాయంలోనివి కావు; వారి బండ్లను లాగేవి రెయిన్‌డీర్లు. ఇగ్లూలు ఆ దేశాలవే కావు. అవి ఉత్తర అమెరికా, గ్రీన్‌లాండ్‌లలోని ఇన్యూట్‌లవి. ఇప్పుడు వాటినే గాజుతో కట్టి ఫిన్లాండ్‌లో అద్దెకిస్తున్నారు. కోనసీమలో ఒంటెలబండి ఎక్కించి ఇదే తెలుగువారి సంస్కృతి అని చెప్పడం వంటిదే ఇది!

రోవనియెమి కథ మరీ విచిత్రం. 1944లో వెనుదిరుగుతున్న జర్మన్ సేనలు ఆ పట్టణాన్ని దాదాపు పూర్తిగా తగులబెట్టాయి. యుద్ధానంతరం అల్వార్ ఆల్టో అనే వాస్తుశిల్పి రెయిన్‌డీర్ కొమ్ముల ఆకారంలో దానికి నూతన ప్రణాళిక గీశాడు. బూడిద నుండి లేచిన ఊరు అది. అక్కడికి వెళ్లినవారిలో అధికులకు తెలిసినది మాత్రం ఊరి వెలుపలి క్రిస్మస్ తాత గ్రామమే. పిల్లలు సంతోషిస్తే సంతోషించనీ. పెద్దలైనా ఊరిలోకి ఒకసారి నడిచి రావద్దా?

అన్నింటికంటె బరువైన ఆక్షేపణ మరొకటి ఉన్నది. ఆర్కిటిక్ ప్రాంతం 1979 నుండి ప్రపంచ సగటుకు సుమారు నాలుగు రెట్ల వేగంతో వేడెక్కుతున్నదని ఫిన్లాండ్ శాస్త్రజ్ఞులు 2022లో వెల్లడించారు. శీతకాలంలో వర్షం కురిసి, మంచు మీద పడి గడ్డకడుతున్నది. ఆ గట్టిపెంకును గిట్టలతో త్రవ్వలేక, అడుగునున్న శైవలకాలు అందక రెయిన్‌డీర్లు ఆకలితో అలమటిస్తున్నాయి. మంచుక్రింది మేత పశువుకు అందే తీరును సూచించడానికి సామీ భాషలో ప్రత్యేకంగా ఒక పదమే ఉన్నది. ఆ పదం వారికి బ్రతుకుతెరువు. మంచును చూడడానికి వేల కిలోమీటర్లు విమానంలో పోయేవాడు ఆ మంచు కరగడానికి కారణమైన పొగలో తన వంతు కూడా కలుపుతున్నాడు. ఈ వైరుధ్యాన్ని ఏ తర్కంతోనూ కప్పిపుచ్చలేము. అందువలన ఎవరూ పోరాదనడం మాత్రం అతిశయోక్తి. అక్కడి పశుపాలకుని కష్టాన్ని ప్రత్యక్షంగా చూసినవాడు వాతావరణ మార్పును గురించి వార్తాపత్రికలో చదివి పుట తిప్పివేయలేడు. భారతదేశం కూడా ఈ అవసరాన్ని గుర్తించి, స్వాల్బార్డ్ దీవులలోని న్యూ ఒలెసుండ్‌లో 2008లో 'హిమాద్రి' పరిశోధనకేంద్రాన్ని నెలకొల్పింది. అక్టోబరు చివరి నుండి ఫిబ్రవరి నడుమ వరకు సూర్యదర్శనం లేని ఆ చోటికి 2023 డిసెంబరులో తొలి శీతకాల పరిశోధకబృందాన్ని పంపింది.

కనుక పోదలచినవారు జీవితంలో ఒక్కమారు పోవాలి, పోయినచోట పదిరోజులైనా ఉండాలి. నాలుగు రోజుల్లో మూడు దేశాలు చుట్టివచ్చే ప్రయాణంలో చలి మాత్రమే మిగులుతుంది. హెల్సింకీ నుండి రోవనియెమికి రాత్రిపూట రైలు నడుస్తుండగా మళ్లీ విమానం ఎక్కవలసిన పని లేదు. సామీల జీవితాన్ని తెలుసుకోగోరితే సామీలే నడిపే విడుదులను వెదకాలి. డిసెంబరు రద్దీని విడిచి జనవరిలో వెళ్లడం మరింత మేలు. తెలుగువారు సంక్రాంతినాడు ఉత్తరాయణ పుణ్యకాలమని తలంటుకొని నువ్వులు తినే రోజులలోనే అక్కడ సూర్యుడు క్షితిజం అంచుకు చేరుకొంటాడు. కొండలు అడ్డం రావడం వలన ట్రామ్సో వీథులకు ఆయన మరికొన్ని రోజులు ఆలస్యంగా వస్తాడు. జనవరి 21న బడిపిల్లలు మొదలుకొని వృద్ధుల వరకు అందరూ గుండ్రని తీపి రొట్టెలు తింటూ, దక్షిణపు కొండల వైపు తిరిగి ఆయన కోసం ఎదురుచూస్తారు.