పసి చేతికి ఎన్ని లిపులు?

వేసవి సెలవులు ముగింపుకు వస్తున్నాయంటే చాలు, మూడేళ్ళు నిండిన బిడ్డ ఉన్న ప్రతి ఇంట్లోనూ ఇదే చర్చ. ఏ బడిలో వేయాలి? ఎప్పుడు వేయాలి? ఇంగ్లీషు మీడియమా, ఉర్దూ మీడియమా, తెలుగు మీడియమా? ముందు ఖుర్ఆన్ చదువా, బడి చదువా? పక్కింటి పిల్లవాడు మూడో ఏటనే టై కట్టుకుని బస్సెక్కుతుంటే, మన బిడ్డ వెనకబడిపోతాడేమోనన్న బెంగ తల్లిని నిద్రపోనివ్వదు. అప్పో సప్పో చేసి ఎల్‌కేజీ ఫీజు కట్టేస్తే బాధ్యత తీరిందని తండ్రి భావిస్తాడు. కాని చదువంటే ఇష్టమో, భయమో బిడ్డ మనసులో పాదుకునేది ఈ రెండు మూడేళ్ళలోనే. కనుక ఇది తొందరపడి తేల్చవలసిన వ్యవహారం కాదు.

మొదట వయస్సు సంగతి. బిడ్డకు నాలుగేళ్ళ నాలుగు నెలల నాలుగు రోజులు నిండగానే బిస్మిల్లా చదివించే వేడుక మన పెద్దల కాలం నుంచీ ఉంది. అది ఆచారమే తప్ప షరీఅత్ విధించిన గడువు కాదు. అక్బరు పాదుషాకూ ఆ వయస్సులోనే చదువుకు ముహూర్తం పెట్టారు. తీరా ఆ ఘడియ వచ్చేసరికి రాకుమారుడు ఆటలకు పోయి ఎక్కడా కనిపించలేదని అబుల్ ఫజల్ 'అక్బర్‌నామా'లో రాశాడు. పాదుషా కొడుకైనా నాలుగేళ్ళ బిడ్డ బిడ్డే కదా! బిస్మిల్లా వేడుక ఉద్దేశ్యం బిడ్డ నోట అల్లాహ్ నామం పలికించి, చదువు శుభప్రదమైనదని చెప్పడమే. మర్నాటి నుంచి హోంవర్కు మొదలుపెట్టమని కాదు.

పిల్లలకు ఏడేళ్ళ వయస్సు వచ్చినప్పుడు నమాజు చేయమని చెప్పాలని దైవప్రవక్త (స) తల్లిదండ్రులకు ఉపదేశించారు. అబూ దావూద్ హదీసు గ్రంథంలో ఈ విషయం ఉంది. అంతకుముందు కూడా పసివాడు తండ్రి పక్కన నిలబడి సజ్దా చేస్తాడు, మధ్యలో లేచి పరుగెడతాడు. ఎవరూ కోప్పడరు. చూసి నేర్చుకునే వయస్సు అది. ధర్మానికి మూలస్తంభమైన నమాజు విషయంలోనే ఇంత సహనం చూపమన్నప్పుడు, మూడేళ్ళ బిడ్డను గంటల తరబడి బల్ల మీద కూర్చోబెట్టి నాలుగు గీతల పుస్తకం నింపమనడం ఏమి న్యాయం?

దేశ చట్టం చెప్పేదీ దీనికి దగ్గరగానే ఉంది. 2009లో చేసి 2010 ఏప్రిల్ 1 నుంచి అమలులోకి తెచ్చిన విద్యాహక్కు చట్టం ఆరు నుంచి పద్నాలుగేళ్ళ పిల్లలకు ఉచిత నిర్బంధ విద్య హక్కు అని ప్రకటించింది. 2020 జాతీయ విద్యావిధానం ఆరేళ్ళు నిండాకే ఒకటవ తరగతి అనీ, మూడు నుంచి ఆరేళ్ళ వరకు ఆటపాటలతో కూడిన చదువు అనీ పేర్కొంది. మన రాష్ట్రాల్లో ఐదు నిండిన వారిని ఒకటిలో చేర్చుకోవడం చాలాకాలంగా ఉన్న పద్ధతి. మీ ఊళ్ళో ఈ ఏడాది ఏ నిబంధన అమలులో ఉందో మండల విద్యాధికారి కార్యాలయంలో అడిగి తెలుసుకోండి. బడి ఐదుకే తీసుకున్నా, ఆరు నిండేదాకా ఆగడం వల్ల బిడ్డకు నష్టమేమీ లేదు.

ఒక హెచ్చరిక కూడా అవసరం. పూర్వం బడిలో వేయడానికి జూన్ 1 అని నోటికొచ్చిన పుట్టినతేదీ రాయించేవారు. ఇకపై అది సాగదు. 2023 అక్టోబరు 1న గానీ, ఆ తరువాత గానీ పుట్టిన పిల్లలకు బడి ప్రవేశంలో జనన ధ్రువపత్రమే పుట్టినతేదీకి రుజువు. ఒక కాగితంలో మొహమ్మద్ అనీ, మరో కాగితంలో ఎం.డి. అనీ ఉంటే పదో తరగతి సర్టిఫికెట్ దాకా చిక్కులే. పేరును ఇప్పుడే ఒకే తీరులో రాయించండి.

ఇక అసలు సమస్యకు వద్దాం. మన బిడ్డ ఇంట్లో దక్కనీ ఉర్దూ మాట్లాడతాడు. వీధిలో తెలుగు వింటాడు. బడిలో ఇంగ్లీషు అక్షరాలు దిద్దుతాడు. తెల్లవారుజామున మక్తబ్‌లో అరబీ కాయిదా పట్టుకుంటాడు. ఒక లిపి కుడి నుంచి ఎడమకు, మిగతావి ఎడమ నుంచి కుడికి! ఉర్దూలో అక్షరం పక్క అక్షరంతో కలిస్తే రూపు మారుతుంది. తెలుగులో గుణింతం, ఒత్తు చేరితే మారుతుంది. నాలుగేళ్ళ చేతికి ఇవన్నీ ఒకేసారి అప్పజెప్పి, "మావాడికి బుర్ర లేదు" అని నిందించడం అన్యాయం కాదా? పిల్లలు మూడు నాలుగు భాషలు వినగలరు, మాట్లాడగలరు. అది వారికి దేవుడిచ్చిన వరం. చిక్కంతా లిపులను ఒకేసారి నెత్తిన రుద్దడంలోనే ఉంది.

కనుక ముందు మాట, తరువాత రాత. బడిలో ఏ మీడియం అయితే ఆ లిపి ముందు కుదురుకోనివ్వండి. బిడ్డ సొంతంగా ఒక వాక్యం చదవగలిగాక రెండో లిపికి వెళ్ళండి. ఈలోగా ధార్మిక శిక్షణ ఆగనక్కరలేదు. చిన్న సూరాలు, దుఆలు, ప్రవక్తల గాథలు చెవి ద్వారా నేర్పండి. ఈ వరస చెప్పినందుకు ఎవరూ కంగారుపడవద్దు. మగ్రిబ్ దేశాల్లో పిల్లలకు మొదట ఖుర్ఆన్ మాత్రమే నేర్పేవారనీ, అందలూస్‌లో దానితోపాటు కవిత్వం, రచన, చేతిరాత కూడా నేర్పేవారనీ ఇబ్నె ఖల్దూన్ తన 'ముఖద్దిమా'లో వివరించాడు. అంటే ఒక్కో ప్రాంతం ఒక్కో క్రమం పాటించింది. కఠినంగా దండిస్తే పసిపిల్లలకు ఉత్సాహం చచ్చి అబద్ధం, మోసం అలవడతాయని కూడా ఆయన ఆరు శతాబ్దాల కిందటే చెప్పాడు. మన మక్తబ్‌లలోని ఉస్తాదులు, కాన్వెంటు టీచర్లు ఇద్దరూ గుర్తుంచుకోవలసిన మాట ఇది. బడిలో కొట్టడాన్ని విద్యాహక్కు చట్టమూ నిషేధించింది.

మీడియం విషయంలో ఒకే జవాబు అందరికీ సరిపోదు. నూర్‌బాషా కుటుంబాల వంటి చోట్ల తెలుగే ఇంటి భాష. వారి బిడ్డకు తెలుగుతో మొదలుపెట్టడమే సహజం. ఉర్దూ మాట్లాడే ఇంటి బిడ్డకు ఉర్దూ బడి సులువు. 1918లో నెలకొల్పిన ఉస్మానియా విశ్వవిద్యాలయంలో వైద్యం, ఇంజినీరింగ్ సైతం ఉర్దూలో బోధించిన గడ్డ మనది. కాని చేర్చే ముందు రెండు ప్రశ్నలు అడగండి. అక్కడ ఉర్దూ చెప్పే టీచరు నిజంగా ఉన్నారా? ఐదు పూర్తయ్యాక అదే మీడియంలో హైస్కూలు దగ్గరలో ఉందా? లేకపోతే ఆరో తరగతిలో బిడ్డ నడిసముద్రంలో నిలుస్తాడు. ఇంగ్లీషు మీడియంలో వేస్తే ఇంట్లో ఉర్దూ, తెలుగు కథలు చెప్పడం మానవద్దు. మైనారిటీ గురుకులం మీద ఆశపెట్టుకున్న తెలంగాణ తల్లిదండ్రులు అక్కడ ప్రవేశం ఐదో తరగతి నుంచేనని గుర్తుంచుకోవాలి. పునాది వేయవలసింది అంతకుముందు చదివే బడే.

బోర్డు మీద రాసిన పేరు చూసి బడి ఎంచుకోవద్దు. నడిచి వెళ్ళేంత దూరంలో ఉందా, మంచినీళ్ళు, మరుగుదొడ్డి ఉన్నాయా, ఒక్కో టీచరుకు ఎందరు పిల్లలు, తల్లి వెళ్ళి అడిగితే టీచరు మాట్లాడతారా అన్నవి చూడండి. అన్నిటికంటే ముందు, సాయంత్రం ఆ బడి పిల్లలు ఏ ముఖాలతో బయటికి వస్తున్నారో గేటు దగ్గర పది నిమిషాలు నిలబడి చూడండి. మూడేళ్ళ బిడ్డకు వీధి చివరి అంగన్‌వాడీలో ఆట, పాట, తోటి పిల్లలు దొరికితే అదే చాలు.

చివరిగా ఒక మాట. కొడుకును ఫీజు బడికీ, కూతురిని ఉచిత బడికీ పంపే ఇళ్ళు మన మహల్లాల్లో తక్కువేమీ కాదు. ఫీజు కట్టే స్తోమత ఒక్కరికే ఉంటే, ఇద్దరినీ ఒకే మంచి ఉచిత బడికి పంపి, మిగిలిన డబ్బు పుస్తకాలకు ఖర్చు పెట్టడం మేలు. సంతానం మన చేతికి దైవం ఇచ్చిన అమానతు. ఆ అమానతులో కొడుకు వాటా ఎక్కువ, కూతురి వాటా తక్కువ అని ఎక్కడా లేదు. రేపు మన పిల్లల గురించి మనల్ని ప్రశ్నించినప్పుడు ఎంత ఫీజు కట్టావని అడగరు. ఎలా పెంచావని అడుగుతారు.