సింగపూర్‌లో కోతికి అరటిపండు పెట్టొచ్చా?

గత నెల అమ్మ కరీంనగర్ నుంచి వస్తే మెక్‌రిచీ రిజర్వాయర్‌కి తీసుకెళ్లాను. కోతుల్ని చూడగానే సంచిలోంచి అరటిపండు తీసింది. వద్దమ్మా, ఫైన్ వేస్తారన్నాను. "ఆంజనేయస్వామికి పెడితే ఫైనేందిరా? కొండగట్టుల పెట్టమా?" అంది.

ఇక్కడికి వచ్చే పెద్దవాళ్లందరిదీ ఇదే ప్రశ్న. 2020లో కఠినం చేసిన వన్యప్రాణి చట్టం ప్రకారం అడవి జంతువులకు తిండి పెడితే మొదటిసారి 5,000 డాలర్ల వరకు, మళ్లీ దొరికితే 10,000 వరకు జరిమానా. మరీ అతి అని నేనూ అనుకున్నాను.

కానీ ఆ శిక్ష లేకపోతే చివరికి నష్టపోయేది కోతే. ఇవి పొడవు తోక మకాక్‌లు. అడవి పండ్లు తిని గింజల్ని దూరదూరాలకు చేరవేస్తాయి. మన చేతి తిండికి అలవాటు పడ్డాక సంచులు లాగుతాయి, వంటింట్లోకి దూరతాయి. ఫిర్యాదులు పెరుగుతాయి, బోన్లు వస్తాయి. ఒక్క 2013లోనే ఇక్కడ 500కు పైగా కోతుల్ని చంపారు. ఎక్కడ చూసినా ఇవే కదా అనిపిస్తుంది గానీ, ఐయూసీఎన్ 2022లో ఈ జాతిని అంతరించే ముప్పున్న వాటిలో చేర్చింది.

ఈ లెక్కలేవీ అమ్మకి చెప్పలేదు. మనూళ్లో పల్లి వెయ్యడం ఎందుకు మానేశామో గుర్తుచేశాను, అంతే. "కోతులు మొత్తం పీకుతున్నయని" అంటూనే పండు లోపల పెట్టేసింది. చేతిసంచి కనిపిస్తే అవి వదలవు కాబట్టి, దాన్ని నా బ్యాక్‌ప్యాక్‌లో పెట్టి జిప్ వేశాను.